ఎత్తుగుట్ట గంట

చందముఖుడికి నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు. తప్పు తనది కాదని గట్టి నమ్మకమే. అయినా ముద్ద గొంతు దిగడం లేదు.

సముద్రం ఒడ్డున మూడు కొండలు, మూడింటి మీదా బౌద్ధ విహారాలు. పెద్దకొండ, దాన్ని ఆనుకుని నడిమికొండ, లోయకు అవతల ఎత్తుగుట్ట. చందముఖుడు పెద్దకొండ మీద గడియలు చూసే భిక్షువు. ఎత్తుగుట్టలో బుధన్న అనే ముసలి భిక్షువు నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. దానికి కారణం చందముఖుడు పదిమందిలో అన్న ఒక మాట.

ఆ మాట సంగతి తెలియాలంటే ముందు వాళ్ళ నియమం తెలియాలి. భిక్షువులు పొద్దు నడినెత్తికి రాకముందే తినాలి. పొద్దు వాలిందా, మర్నాడు తెల్లవారేదాకా నీళ్ళో పండ్లరసమో తప్ప ఏదీ నోట పెట్టకూడదు. ఎండాకాలంలో ఈ నియమంతో ఏ పేచీ లేదు. ఒక కర్ర పాతి నీడ చూసుకుంటే సరిపోతుంది. వచ్చిన చిక్కల్లా వానాకాలంతోనే. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తుంటే నీడెక్కడ, పొద్దెక్కడ?

అందుకని ప్రతి కొండ మీదా ఒక గడియగిన్నె పెట్టుకున్నారు. రాగిగిన్నె, అడుగున సూదిమొనంత చిల్లి. నీళ్ళతొట్టిలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మునిగితే ఒక గడియ. తీసి, కుమ్మరించి, మళ్ళీ వదలాలి. తెల్లవారినప్పటినుంచి ఇన్ని గిన్నెలు మునిగితే నడిపొద్దు అని ఒక లెక్క ఉంది. లెక్క నిండగానే గంట కొడతారు. గంట పడ్డాక నోటిదాకా వచ్చిన ముద్దయినా సరే, దించేసి చెయ్యి కడుక్కోవలసిందే.

అంతా బాగానే ఉంది గానీ, తెల్లవారడమే మూడు కొండల మీద మూడు రకాలుగా ఉండేది. అరచేతి గీతలు కంటికి ఆనితే తెల్లవారినట్టని వాళ్ళ పాత పద్ధతి. పెద్దకొండ తూర్పుకు తెరుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ గీతలు ముందు కనబడతాయి. ఎత్తుగుట్ట విహారం కొండ చాటున ఉంటుంది, అక్కడ ఆలస్యం. పైగా పడుచు కళ్ళకు ఒక తెల్లవారు, ముసలి కళ్ళకు ఒక తెల్లవారు. ఒక కొండ మీద చేతులు కడుక్కుంటుంటే ఇంకో కొండ మీద అప్పుడే వడ్డన మొదలయ్యేది. లోయలో ఉన్న ఊరివాళ్ళకు అన్ని గంటలూ వినబడేవి. వాళ్ళు తమలో తాము నవ్వుకునేవాళ్ళు.

దీన్ని చక్కబెట్టినవాడు చందముఖుడే. పనిమంతుడు, కాదనడానికి లేదు. ఒకే రాగితో, ఒకే అచ్చులో, కంసాలి త్రాసులో తూచి మరీ మూడు గిన్నెలు చేయించాడు. మూడింటినీ పక్కపక్కన ఒకే తొట్టిలో వదిలి పెద్దలకు చూపించాడు. మూడూ ఒక్కసారే మునిగాయి. ఇక మీదట పెద్దకొండ తెల్లవారే మూడు కొండలకూ తెల్లవారు అన్నాడు. తన అరచేతి గీతలు కనబడగానే అతను గిన్నె వదులుతాడు. ఆ క్షణానే ఇద్దరు మనుషులు కబురు పట్టుకుని బయల్దేరతారు, ఒకడు నడిమికొండకు, ఒకడు ఎత్తుగుట్టకు. వానాకాలమంతా సముద్రం మీదినుంచి హోరుగాలి వీస్తుంది. ఈ కొండ గంట ఆ కొండకు వినబడదు. కనుక కబురు మనిషే మోసుకుపోవాలి.

మరి మనిషి దారిలో ఉన్నంతసేపూ కాలం కూర్చుని ఉంటుందా అని ఎవరో అడిగారు. చందముఖుడు అంత తెలివితక్కువవాడేం కాదు, అదీ చూసే ఉంచాడు. ముందుగా ఒక మనిషిని ఎత్తుగుట్టకు పంపి, తాను గిన్నె ముందు కూర్చున్నాడు. ఆ మనిషి వెళ్ళి తిరిగి వచ్చేసరికి గిన్నె రెండుసార్లు మునిగింది. పోను ఒకటి, రాను ఒకటి. కాబట్టి కబురు అందేసరికి అప్పటికే ఒక గిన్నె మునిగిపోయిందని లెక్క కట్టుకుని ఎత్తుగుట్టవాళ్ళు తమ గిన్నె వదలాలి. నడిమికొండ దగ్గరే కాబట్టి వాళ్ళకు అర గిన్నె. పెద్దలందరూ తలలూపారు. చందముఖుడు పైకి వినయంగానే నిలబడ్డాడు. తల గొరిగించుకున్నంత మాత్రాన గర్వం ఊడిపోతుందా ఏమిటి, గుండు కిందే ఎక్కడో నక్కి ఉంటుంది.

వానాకాలం సగం గడిచాక ఒక రోజు ఉన్నట్టుండి గాలి పడిపోయింది. మబ్బు విచ్చి ఎండ కాసింది, అదీ సరిగ్గా నడిపొద్దు వేళకు. చందముఖుడు గంట కొట్టి, ఒక్క పరుగున ఆరుబయటికి పోయి కర్ర నిలబెట్టి చూశాడు. నీడ కర్ర మొదట్లోనే ముడుచుకుని ఉంది. ఇంతలో నడిమికొండ గంట మోగింది. అతని సంతోషం అంతా ఇంతా కాదు. ఇక మూడోది వినాలని ఎత్తుగుట్ట వైపు చెవి రిక్కించాడు.

మూడోది మోగలేదు. నీడ కర్ర మొదలు వదిలి పక్కకు జరిగింది. లోపల తొట్టిలో మళ్ళీ వదిలిన గిన్నె సగం నిండింది. అప్పుడు వినబడింది ఎత్తుగుట్ట గంట.

గిన్నెలు మూడూ ఒకటే. లెక్క ఒకటే. నడిమికొండకు రాని తేడా ఎత్తుగుట్టకు ఎందుకొచ్చింది? గిన్నె తప్పు కాకపోతే గిన్నె దగ్గర కూర్చున్న మనిషి తప్పు. అక్కడ కూర్చునేది బుధన్న, డెబ్బై దాటినవాడు. మునిగిన గిన్నె మునిగినట్టే ఉండగా ఓ కునుకు తీస్తున్నాడన్నమాట. చందముఖుడికి ఇందులో రవ్వంత అనుమానం కలగలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పున్నమినాడు మూడు కొండల భిక్షువులూ ఒకచోట చేరతారు. ఎవరి తప్పు వాళ్ళు అందరి ముందూ చెప్పుకోవడం ఆచారం. చందముఖుడు లేచి తన తప్పు కాక ఇంకొకరి తప్పు చెప్పాడు. ఎత్తుగుట్టలో గంట ఆలస్యంగా పడుతోందని, అక్కడివాళ్ళు పొద్దు వాలాక తింటున్నారని, గిన్నె చూసేవాళ్ళకు నిద్ర ఆగడం లేదని అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం ఏం, అందరి తలలూ బుధన్న వైపే తిరిగాయి.

బుధన్న నలభై ఏళ్ళుగా ఒక్క పూట కూడా నియమం దాటనివాడు. చందముఖుడు సంఘంలో చేరిననాడు అతని తల గొరిగిన చేతులు కూడా ఆయనవే. ముసలాయన కోప్పడలేదు. కాసేపు తనలో తాను వెతుక్కున్నాడు.

"నిద్రపోయినట్టు నాకు గుర్తులేదు" అన్నాడు. "కానీ, నిద్రపోయినవాడికి గుర్తెలా ఉంటుంది?"

చేతులు జోడించి, లేని తప్పు ఒప్పుకుని కూర్చున్నాడు.

మర్నాటినుంచే తినడం మానేశాడు. అలిగి కాదు, అలిగే మనిషి కాదాయన. ఎత్తుగుట్టకు కింద ఊరినుంచి అన్నం చేరేది గంటకు కాస్త ముందు మాత్రమే. తన కళ్ళను తానే నమ్మలేనివాడు పొద్దు ఉందో వాలిందో ఎలా చెప్పగలడు? అనుమానం ఉంటే తినకూడదన్నది నియమం. తోటివాళ్ళు గబగబా నాలుగు ముద్దలు తిని లేచేవాళ్ళు. ఆయన తన పాత్ర మీద ఆకు కప్పి పక్కకు జరిపేవాడు. గిన్నె ముందు కూర్చోవడం మాత్రం మానలేదు. ఎవరైనా తప్పుకోమంటే, తప్పు చేసినవాడే దిద్దుకోవాలి గదా అనేవాడట. ఇప్పుడు రెప్ప వేయడానికే భయపడుతున్నాడని కబురు మోసే మనిషి వచ్చి చెప్పాడు. నిన్న లేవబోయి తూలి పడ్డాడని కూడా చెప్పాడు.

ఈ కబురు విన్న రోజునే చందముఖుడు గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన నాగబోధి థేరుడు, అంటే ఏళ్ళు నిండిన భిక్షువు, పెద్దకొండకు పెద్ద. మాట పొదుపు. ఒకప్పుడు ఎత్తుగుట్టలోనే ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక పెద్దకొండ దిగడం లేదు.

"భంతే" అన్నాడు చందముఖుడు. వాళ్ళలో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. "బుధన్న థేరులను గిన్నె దగ్గరినుంచి తప్పించండి. పడుచువాణ్ణి ఎవరినైనా పెట్టండి. గంట సరిగ్గా పడితే ఆయనే తింటారు. నా వల్ల ఆయనకేదైనా అయితే నేను తట్టుకోలేను."

"ఆయన నిద్రపోవడం నువ్వు చూశావా?"

"చూడలేదు. గిన్నె వదిలి ఎలా వెళ్ళను? కానీ లెక్క చెబుతోంది గదా భంతే."

 చందముఖుడు కాసేపు నిలబడి వచ్చేశాడు.

మర్నాడు తెల్లవారి, కబుర్లు మోసే మనుషులు వెళ్ళి వచ్చాక, సన్నగా తుంపర పడుతుండగా గురువు మెల్లగా నడుచుకుంటూ గిన్నె ఉండే గడియపాకకు వచ్చాడు. చేతిలో రెండు అగరువత్తులు ఉన్నాయి. సమానమైన పొడుగు. చందముఖుణ్ణి లేపి, అతని చోట తాను కూర్చున్నాడు. గిన్నె తాను చూస్తానన్నాడు. గిన్నె మునిగేదాకా ఆగి, కుమ్మరించి మళ్ళీ వదులుతూ, ఇప్పుడే ఎత్తుగుట్టకు బయల్దేరమన్నాడు. పోయేటప్పుడు ఒక వత్తి వెలిగించి పట్టుకెళ్ళాలి, అక్కడ అడుగు పెట్టగానే ఆర్పాలి. వచ్చేటప్పుడు రెండోది వెలిగించాలి, ఈ గడప తొక్కగానే ఆర్పాలి. పరుగెత్తకూడదు, ఆగకూడదు. రెండు వత్తులూ తెచ్చి ఇవ్వాలి.

"బుధన్న థేరులకు ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పక్కర్లేదు."

చందముఖుడికి విషయం అర్థమైపోయింది, అంటే అర్థమైపోయిందనుకున్నాడు. మనసు చెదిరింది కదా, అది నిలపడానికి గురువు పెట్టిన పరీక్ష ఇది. వానలో, గాలిలో నిప్పు ఆరనివ్వకుండా మోయాలి. అది చేసి చూపిస్తే చాలు. ఒక చేత్తో తాటాకు గొడుగు, ఇంకో చేత్తో కుండపెంకు చాటున వత్తి పట్టుకుని బయల్దేరాడు.

లోయ దాటినంతసేపూ బాగానే సాగింది. ఎత్తుగుట్ట మెట్లు మొదలయ్యాక ఊపిరి అందలేదు. నిట్టనిలువు మెట్లు, పైగా నాచు. ఒక్కో మెట్టుకూ కాలు వేసి, నిలదొక్కుకుని, అప్పుడు రెండో కాలు తీయాలి. తొడలు పట్టేశాయి. ఒకచోట జారి మోకాళ్ళ మీద పడ్డాడు గానీ వత్తిని మాత్రం పైకెత్తే ఉంచాడు. దారి చూడటం కంటే ఎర్రటి ఆ నిప్పుకణం చూడటమే అతని ధ్యాస. అందుకని దారి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

పైకి చేరి వత్తి ఆర్పాడు. వేళ్ళు కాలేంత దగ్గరికి వచ్చేసింది.

బుధన్న గిన్నె ముందు ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పెదవులు ఎండి పగిలాయి. వీపు మాత్రం నిటారుగా ఉంది, చూపు నీళ్ళ మీదే ఉంది. చందముఖుడు చూస్తుండగానే గిన్నె మునిగింది. నీళ్ళు వణుకు మానకముందే ఆయన చెయ్యి దాన్ని పైకి తీసింది, కుమ్మరించింది, మళ్ళీ వదిలింది. అప్పుడు తల తిప్పాడు.

"తడిసిపోయావు చందా. కూర్చో, పొయ్యి దగ్గర కూర్చో" అన్నాడు.

చందముఖుడు కూర్చోలేదు. అదే పొయ్యిలో రెండో వత్తి వెలిగించుకుని, దండం పెట్టి, వెనక్కి తిరిగాడు. ఇవాళ నన్ను చూసి కూర్చున్నాడేమో, రోజూ ఇలాగే ఉంటాడని ఏమిటి, అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు. దిగేటప్పుడు మెట్లు వాటంతటవే కాళ్ళ కిందికి వచ్చాయి. గురువు పరుగెత్తవద్దన్నాడు గనుక పాదాలను వెనక్కి పట్టుకోవలసి వచ్చింది. లోయ కూడా కాస్త పల్లంగానే ఉంది ఇటువైపుకు, పెద్దకొండ పేరుకే పెద్ద గానీ లోయనుంచి ఎక్కేది కొంచెమే.

పాక గడప తొక్కుతూనే వత్తి ఆర్పాడు.

"భంతే, రెండూ దారిలో ఒక్కసారి కూడా ఆరలేదు" అన్నాడు. మాటలో కాస్త మిడిసిపాటు ఉంది.

గురువు ఆ మాట వినిపించుకున్నట్టే లేడు. అప్పుడే తొట్టిలో గిన్నె మునిగింది. తీసి కుమ్మరిస్తూ, "నువ్వు వెళ్ళాక ఇది రెండోది" అన్నాడు. "పోను, రాను కలిపి రెండు గిన్నెలు. నీ లెక్క తప్పలేదు."

చందముఖుడు ఊపిరి పీల్చుకున్నాడు. గురువు చెయ్యి చాచి రెండు వత్తులూ తీసుకున్నాడు. తొట్టి అంచు మీద పక్కపక్కన, మొదళ్ళు సరిచేసి పెట్టాడు.

ఒకటి వేలి కణుపంత మిగిలింది. రెండోది సగానికి పైగా అలాగే ఉంది.

 చందముఖుడు ఆ రెండు వత్తులనూ చూస్తూనే ఉన్నాడు. మొదట ఒకదాన్నే గాలి ఎక్కువ కాల్చిందేమో అనుకున్నాడు. తర్వాత తన తొడల నొప్పి అతనికి గుర్తొచ్చింది. దిగేటప్పుడు ఆ నొప్పి లేదు. ఆ తర్వాత పున్నమినాటి సభ గుర్తొచ్చింది. ముసలాయన తనలో తాను తప్పు వెతుక్కున్న ఆ ముఖం గుర్తొచ్చింది. 

"ఒకే దారి గదా భంతే" అన్నాడు చివరికి.

"దారి ఒకటే" అన్నాడు గురువు. "ఎక్కేవాడిదొక కొండ, దిగేవాడిదొక కొండ."

చందముఖుడు వంగి ఆయన పాదాలు తాకాడు. గొడుగు అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయాడు. గురువు గిన్నె వంక తిరిగి కూర్చున్నాడు.

రెండోసారి ఎక్కేటప్పుడు చందముఖుడి చేతిలో వత్తి లేదు. ఈసారి మెట్లన్నీ చూశాడు. పైకి చేరి బుధన్న ముందు నేల మీద సాగిలపడ్డాడు. తన లెక్క చెప్పాడు. ఇక్కడికి కబురు చేరడానికి పట్టేది ఒకటిన్నర గిన్నె అయితే తాను ఒకటే అని చెప్పి పంపానని, రోజూ ఎగ్గొట్టిన ఆ అర గిన్నె తనదేనని, ఇక్కడ ఎవరూ కునుకు తీయలేదని చెప్పాడు. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకుంటానన్నాడు. చెబుతూ ఏడ్చాడు.

బుధన్న శ్రద్ధగా విని, "అయితే మేము పొద్దు వాలాక తిన్నమాట నిజమేగా" అన్నాడు.

"ఆ తప్పు కూడా నాదే భంతే. మీరు నా మాట నమ్మారు."

ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ గిన్నె ముందు కూర్చున్నారు. చందముఖుడు లెక్కలో ఆ అర గిన్నె కలిపాడు. అక్కడినుంచి ఒకరు తీస్తే ఒకరు వదిలారు. తుంపర పెరిగి వానయింది. ఆకాశం నాలుగు వైపులా ఒకే రంగులో ఉంది. పొద్దు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఊరినుంచి అన్నం వచ్చింది. ఎవరో బుధన్న పాత్రలో వడ్డించి వెళ్ళారు. ఆయన అలవాటుగా దాని మీద ఆకు కప్పాడు. పక్కకు జరపబోయి ఆగాడు.

"పొద్దుందా చందా?"

"ఉంది భంతే."

"గిన్నె చెప్పిందా?"

చందముఖుడు తల అడ్డంగా ఊపాడు.

"నడిచి వచ్చాను."

బుధన్న అతని మోకాళ్ళకు అంటిన బురద చూశాడు. పాత్ర మీది ఆకు తీశాడు.